పాత దారి, కొత్త తెడ్డు: అన్వేషకుల అడుగుజాడల మీద ఒక తెగని వాదం

1793 జూలై 22న బొచ్చుతోళ్ళ వ్యాపారి అలెగ్జాండర్ మెకెంజీ పసిఫిక్ తీరంలో డీన్ ఛానెల్ ఒడ్డున ఉన్న ఒక బండ మీద తన పేరూ తేదీ రాశాడు. కెనడా నుంచి నేలమార్గాన వచ్చానని కూడా రాసుకున్నాడు. కొవ్వులో సింధూరం కలిపి రాసిన ఆ అక్షరాలను తర్వాతి తరాలవాళ్ళు రాతిలో చెక్కించారు. ఉత్తర అమెరికా ఖండాన్ని మెక్సికోకు ఉత్తరాన అడ్డంగా దాటిన తొలి యూరోపియన్‌గా పాఠ్యపుస్తకాలు అతన్నే చెబుతాయి.

అయితే ఆ ప్రయాణంలో చివరి అంచె కొత్త దారేమీ కాదు. మెకెంజీ తన కెనూ పడవను వెస్ట్ రోడ్ నది దగ్గర దాచిపెట్టి, క్యారియర్, నుహల్క్ ప్రజలు తరతరాలుగా చేపనూనె మోసుకెళ్ళే కాలిబాట పట్టి నడిచాడు. దారి చూపిన వాళ్ళూ, సముద్రం దాకా తమ పడవల్లో దింపిన వాళ్ళూ స్థానికులే. 1980లలో ఈ బాటను వారసత్వ మార్గంగా గుర్తించినప్పుడు దానికి జంట పేరు పెట్టాల్సి వచ్చింది: ఒకటి మెకెంజీది, రెండోది నుహల్క్, క్యారియర్ ప్రజల నూనెదారి అని. నాలుగు వందల కిలోమీటర్లకు పైబడిన ఆ బాటన నడిచేవాళ్ళు ఎవరి అడుగుల్లో నడుస్తున్నట్టు?

పాత అన్వేషకుల దారుల్లో మళ్ళీ ప్రయాణం చేసే అలవాటుకు ఉత్తర అమెరికాలో వందేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. దాని మీద పుస్తకాలు, సినిమాలు, ప్రభుత్వ ఉత్సవాలు, కోపతాపాలు అన్నీ పోగుపడ్డాయి. ఇప్పుడు చిక్కేమిటంటే, వాదించుకునే వాళ్ళందరూ ఒకే పనిని గురించి మాట్లాడుతున్నామనుకుంటారు. నిజానికి ఆ పేరు కింద నాలుగు వేర్వేరు పనులు జరుగుతున్నాయి.

సర్వేయర్ల నుంచి సెలవుల యాత్రికుల దాకా

మొదట్లో మళ్ళీ వెళ్ళడమంటే తప్పులు దిద్దడం. శామ్యూల్ హెర్న్ 1771 జూలైలో కాపర్‌మైన్ నది ముఖద్వారం చేరాడు. తన పాత క్వాడ్రంట్‌తో లెక్కగట్టి, ఆ చోటును అసలు ఉన్నదానికంటే దాదాపు నాలుగు డిగ్రీలు ఉత్తరాన చూపించాడు, అంటే నాలుగు వందల కిలోమీటర్లకు పైగా తేడా. యాభై ఏళ్ళ తర్వాత, 1821లో, జాన్ ఫ్రాంక్లిన్ బృందం అదే నది దిగాక గానీ పటం సరికాలేదు. ఆ దిద్దుబాటుకు చెల్లించిన మూల్యం మాత్రం ఘోరమైనది. తిరుగు ప్రయాణంలో ఆకలికీ చలికీ హత్యలకూ ఇరవై మందిలో పదకొండు మంది పోయారు. మిగిలిన వాళ్ళు బతికారంటే ఎల్లోనైఫ్ తెగ నాయకుడు అకైచో మనుషులు తిండి తెచ్చి పెట్టబట్టే.

1893లో కెనడా భూగర్భ సర్వే తరఫున జె.బి. టిరెల్ తమ్ముడితో కలిసి డుబాంట్ నది మీదుగా చెట్లులేని ఉత్తర బయళ్ళు దాటాడు. ఆ తర్వాత అవసరం తగ్గి సరదా పెరిగింది. 1951 తర్వాత ఆటవా నగరంలోని దౌత్యవేత్తలు, అధికారులు, పాత్రికేయులు కొందరు వేసవి సెలవుల్లో పాత బొచ్చు వ్యాపార మార్గాల్లో కెనూలు నడపసాగారు. ఎరిక్ మోర్స్, రచయిత సిగర్డ్ ఓల్సన్ ఆ బృందంలో ముఖ్యులు. 1955లో చర్చిల్ నది మీద వాళ్ళు చేసిన ప్రయాణం నుంచే ఓల్సన్ పుస్తకం ‘ది లోన్లీ ల్యాండ్’ వచ్చింది. మోర్స్ వేసవి తర్వాత వేసవి తిరిగి, పాత డైరీల్లోని మజిలీలను ఆనాటి స్థితితో పోల్చి 1969లో ఒక మార్గదర్శిని ప్రచురించాడు. ఈనాటి వాదాలన్నింటికీ విత్తనం ఆ ఇద్దరు స్నేహితుల మధ్యే ఉంది: ఒకరు దారిని కొలిచారు, మరొకరు దారిలో మనశ్శాంతి వెతికారు.

అదే 1955లో ఇంకో బృందం టిరెల్ దారి పట్టింది. ఆర్థర్ మోఫట్ నాయకత్వంలో ఆరుగురు డుబాంట్ నది దిగారు. పయనం మందకొడిగా సాగింది, తిండి తరిగింది, చలికాలం తరుముకొచ్చింది. సెప్టెంబరు 14న ముందుగా దిగి చూసుకోకుండా సుడుల్లోకి వెళ్ళి రెండు పడవలు తిరగబడ్డాయి. ఒళ్ళు చల్లబడి మోఫట్ చనిపోయాడు. టిరెల్ వెళ్ళింది జీతానికి, పని మీద. ఆ దారినే విహారంగా మార్చుకున్నవాళ్ళకు పాత డైరీ ధైర్యం ఇచ్చినంతగా జాగ్రత్త నేర్పలేదన్న విమర్శ అప్పటినుంచీ ఉంది.

వేషం కట్టే పక్షం

మొదటి పక్షం వాళ్ళకు మళ్ళీ వెళ్ళడమంటే స్మారకోత్సవం. కెనడా సమాఖ్యకు నూరేళ్ళు నిండిన 1967లో రాకీ పర్వతాల దగ్గర నుంచి మాంట్రియల్ దాకా 104 రోజుల కెనూ పందెం నడిచింది. దూరం 3,283 మైళ్ళు. ఎనిమిది రాష్ట్రాలు, రెండు ఉత్తర ప్రాంతాల తరఫున పది జట్లు తెడ్లు వేశాయి. మానిటోబా గెలిచింది. అందరూ మగవాళ్ళే. ఒడ్డున ఊరూరా స్వాగతాలు, బ్యాండు మేళాలు.

పదేళ్ళ తర్వాత అమెరికాలో వేషం ఇంకాస్త ముదిరింది. ఇలినాయ్ రాష్ట్రంలో ఫ్రెంచ్ పాఠాలు చెప్పే రీడ్ లూయిస్ తన విద్యార్థులతో, తోటి ఉపాధ్యాయులతో కలిసి 17వ శతాబ్దపు ఫ్రెంచ్ అన్వేషకుడు లా సాల్ యాత్రను మళ్ళీ చేసి చూపించాడు. 1976 ఆగస్టులో మాంట్రియల్ దగ్గర బయల్దేరి 1977 ఏప్రిల్‌లో మెక్సికో సింధుశాఖ చేరారు. చేత్తో కుట్టుకున్న పాతకాలపు బట్టలు, పాతకాలపు పేర్లు, ఒడ్డున నాటకాలు. పడవలు మాత్రం భూర్జ బెరడులా కనిపించే ఫైబర్‌గ్లాస్‌వి. ఆ ఏడు చలికి నదులు గడ్డకట్టి వాళ్ళు వందల మైళ్ళు రోడ్డు పక్కన నడవాల్సి వచ్చింది. ఆ నడకలో కొందరిని ఒక ట్రక్కు ఢీకొట్టింది. లా సాల్‌కు లేని ప్రమాదం అది.

ఈ పక్షాన్ని వెక్కిరించడం తేలిక. కానీ వాళ్ళ వాదంలో ఒక బలమైన ముక్క ఉంది, అది బట్టల గురించి కాదు, పడవ గురించి. భూర్జ బెరడు కెనూను స్ప్రూస్ చెట్టు వేళ్ళతో కుట్టి, అతుకుల మీద అదే చెట్టు జిగురును కొవ్వుతో కాచి పూస్తారు. రాయి గీరుకుందంటే జిగురు ఊడుతుంది, నీరు ఊరుతుంది. సాయంత్రం కాగానే పడవను బోర్లించి, పొయ్యిమీద జిగురు కరిగించి, ప్రతి అతుకునూ తడిమి పూసుకోవాలి. వాన కురిస్తే ఆ పని కుదరదు, మర్నాడు కదలలేరు. సరుకు మోయడమూ అంతే. సుడులు, జలపాతాలు అడ్డొచ్చినచోట పడవనూ మూటలనూ ఒడ్డున నడుస్తూ మోసే దారిని పోర్టేజీ అంటారు. మూట ఒక్కోటి 90 పౌండ్లు, నలభై కిలోల పైమాటే. నుదుటి మీదుగా తోలుపట్టీ వేసుకుని మనిషికి రెండేసి మూటలు మోసేవారు. పాత డైరీల్లో రోజుకు నడిచిన దూరం ఎందుకు అంత ఎగుడుదిగుడుగా ఉంటుందో ఈ జిగురూ మూటలే చెబుతాయి. రాతిని గుద్దుకున్నా చెక్కుచెదరని ప్లాస్టిక్ పడవలో వెళ్ళినవాడికి దారి తెలుస్తుంది గానీ ఆ దారిలో కాలం ఎలా గడిచిందో తెలియదు. నాటకాల సంగతి ఎలా ఉన్నా, ఈ ఒక్క విషయంలో వేషధారులది పైచేయి.

రుజువు వెతికే పక్షం

రెండో పక్షం పుస్తకాన్నీ నేలనూ ఎదురెదురుగా నిలబెడుతుంది. ఈ పనికి బలమైన కారణమే ఉంది: అన్వేషకుల పుస్తకాలు అచ్చంగా వాళ్ళ డైరీలు కావు. మెకెంజీ పేరుతో 1801లో లండన్‌లో అచ్చయిన గ్రంథాన్ని తీర్చిదిద్దింది విలియం కూమ్ అనే వృత్తి రచయిత. హెర్న్ పుస్తకం అతను పోయిన మూడేళ్ళకు, 1795లో వచ్చింది. కాపర్‌మైన్ నది మీది బ్లడీ ఫాల్స్ దగ్గర ఇన్యూట్ల మీద జరిగిన దాడి వర్ణన, రాతప్రతుల నుంచి అచ్చుకు వచ్చేసరికి ఎలా పెరిగిందో సాహిత్య చరిత్రకారుడు ఇయాన్ మెక్లారెన్ విడమరిచి చూపించాడు. కొలరాడో నది లోయల్లో దిగిన జాన్ వెస్లీ పావెల్ అయితే 1869, 1871 యాత్రల సంఘటనలను కలిపేసి, అంతా ఒకే యాత్రలో జరిగినట్టు 1875 నివేదికలో రాశాడు.

కాబట్టి పుస్తకాన్ని నమ్మి బయల్దేరిన వాడు రచయిత కల్పనను వెతుక్కుంటూ నదిలో తిరుగుతుండవచ్చు. ఈ పక్షంలో మంచివాళ్ళు పుస్తకాన్ని పక్కనబెట్టి వస్తువులను అడిగారు. 1960లో మినసోటా, ఆంటారియో సరిహద్దులోని గ్రానైట్ నదిలో హార్స్‌టెయిల్ సుడుల కింద ఈతగాళ్ళు దిగి, ఒకదానిలో ఒకటి పేర్చిన ఇత్తడి పాత్రల దొంతర పైకి తెచ్చారు. పడవ తిరగబడి మునిగిన సరుకు అది. ఆ తర్వాత సంవత్సరాల తరబడి ఎన్నో సుడుల అడుగున వెతికారు. ఆలోచన చాలా సూటిగా ఉంది: పోర్టేజీ బద్ధకించి సుడుల్లో దూకిన చోటే ప్రమాదం జరుగుతుంది, సరుకు అక్కడే పడుతుంది. ఏ డైరీలోనూ లేని పొరపాట్లను నది అడుగు దాచిపెట్టింది.

అలాగే 1968లో అమెరికా భూగర్భ సర్వే వాళ్ళు పావెల్ రెండో యాత్రలో తీసిన ఫొటోల చోట్లను వెతికి పట్టుకుని, అదే కోణంలో మళ్ళీ ఫొటోలు తీశారు. దాదాపు వందేళ్ళ ఎడంలో ఏ రాయి కదిలిందో, ఏ ఇసుక దిబ్బ కరిగిందో పక్కపక్కనే కనిపిస్తుంది. మళ్ళీ వెళ్ళడానికి ఇంతకంటే నిజాయితీగల కారణం నాకు కనబడదు.

తమను తాము వెతుక్కునే పక్షం

మూడో పక్షం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అందరికంటే ఎక్కువ రాసుకున్నది వాళ్ళే. తర్వాత కెనడా ప్రధాని అయిన పియర్ ట్రూడో 1941లో, కుర్రతనంలో, మాంట్రియల్ నుంచి జేమ్స్ బే దాకా కెనూలో వెళ్ళాడు. 1944లో ఆ అనుభవాన్ని తపస్సుతో పోల్చి వ్యాసం రాశాడు. 1970, 80లలో బిల్ మేసన్ సినిమాలు అదే భావాన్ని ఇంటింటికీ చేర్చాయి. వీళ్ళకు పాత అన్వేషకుడు ఒక సాకు, గురి అంతా సొంత మనసు మీదే. అందులో తప్పేమీ లేదు. చిక్కల్లా నిర్జనారణ్యం అనే మాట దగ్గర వస్తుంది. వాళ్ళు ఎవరూ లేరనుకున్న చోట జనం ఉన్నారు, ఇప్పటికీ ఉంటున్నారు.

దారి ఎవరిదన్న పక్షం

నాలుగో పక్షం బలపడింది 1980ల తర్వాత. 2013లో ఒకే ఏడాది వచ్చిన బ్రూస్ ఎరిక్సన్ ‘కెనూ నేషన్’, మిసావో డీన్ ‘ఇన్హెరిటింగ్ ఎ కెనూ ప్యాడిల్’ రెండూ ఒకే ప్రశ్న అడిగాయి: ఆదివాసుల పడవను వలస వచ్చినవాళ్ళు జాతీయ చిహ్నంగా ఎలా సొంతం చేసుకున్నారు? 2015లో ఎమిలీ కామెరన్ రాసిన పుస్తకం బ్లడీ ఫాల్స్ కథనే తీసుకుని, ఇన్యూట్లు అదే చోటు గురించి చెప్పుకునేవి వేరే కథలని చూపించింది. అన్వేషకులు లూయిస్, క్లార్క్‌ల యాత్ర ద్విశతాబ్ది సందర్భంగా నడిచిన పునర్యాత్రను 2004లో దక్షిణ డకోటాలో కొందరు లకోటాలు అడ్డుకుని వెనక్కి వెళ్ళమన్నారు.

పుస్తకాల కంటే గట్టిగా మాట్లాడినవి పడవలే. బ్రిటిష్ కొలంబియా తీరంలోని హైల్ట్సుక్ ప్రజలు 1986లో దేవదారు మానుతో తొలిచిన పడవలో బెల్లాబెల్లా నుంచి వాంకూవర్ ప్రపంచ ప్రదర్శనకు వచ్చారు. 1989లో వాషింగ్టన్ రాష్ట్ర శతాబ్ది వేళ అనేక తెగల పడవలు సియాటిల్ చేరాయి. అక్కడ పిలుపు అందుకుని 1993లో అందరూ బెల్లాబెల్లాకు వెళ్ళారు. ఆ యాత్రలు నేటికీ సాగుతున్నాయి. ఉత్తరాన త్లిచో ప్రజలు 1990ల నుంచి పూర్వీకుల దారుల్లో పిల్లలనూ పెద్దలనూ కలిపి కెనూల్లో తమ వార్షిక సభకు వెళ్తున్నారు. ఇక్కడ అన్వేషకుడి ఊసే లేదు, అవసరమూ లేదు.

విమర్శకులు ఒకచోట మాత్రం గీత దాటుతారని నాకనిపిస్తుంది. పాత డైరీ చదివి వెళ్ళే ప్రతివాణ్ణీ ఆక్రమణదారుడి వారసుడిగా చూస్తే, ఆ డైరీల్లోనే పేరుపేరునా కనిపించే స్థానిక మార్గదర్శులను కూడా మరోసారి పక్కకు నెట్టినట్టవుతుంది. హెర్న్‌ను నడిపించిన మటొనాబీ గురించి మనకు ఇంత తెలుసంటే హెర్న్ రాయబట్టే.

లాబ్రడార్: ఒకే కథలో నాలుగు వాదాలు

1903 జూలైలో లియోనిడాస్ హబ్బర్డ్ అనే పత్రికా రచయిత, అతని స్నేహితుడు డిలన్ వాలెస్, క్రీ-స్కాటిష్ మిశ్రమ సంతతికి చెందిన జార్జ్ ఎల్సన్ కెనడాలోని లాబ్రడార్ లోపలికి బయల్దేరారు. పటం ప్రకారం గ్రాండ్ లేక్‌లోకి ఒకే నది వచ్చి పడుతుంది. అసలైతే చాలా వస్తాయి. నస్కాపీ నది అనుకుని వాళ్ళు సుసాన్ వాగు పట్టుకున్నారు. నీళ్ళు చాలక పడవను లాక్కుంటూ వారాలు గడిపారు. వెతుకుతున్న మిషికమౌ సరస్సు దూరం నుంచి కనబడిందే గానీ చేరలేకపోయారు. తిరుగుదారిలో అక్టోబరులో హబ్బర్డ్ గుడారంలో ఆకలితో చనిపోయాడు. ఎల్సన్ మంచులో నడిచి వెళ్ళి సాయం పంపబట్టే వాలెస్ బతికాడు.

1905లో ఆ దారి మీదికి రెండు బృందాలు పోటీగా వెళ్ళాయి. వాలెస్ రాసిన పుస్తకం తన భర్తను చిన్నబుచ్చిందని నమ్మిన మైనా హబ్బర్డ్, ఎల్సన్‌తోనూ మరో ముగ్గురితోనూ ఒకవైపు. వాలెస్ మరోవైపు. వాలెస్ ఇన్ను ప్రజల పాత కాలిబాట పట్టాలనుకున్నాడు, కానీ ఆ బాట తెలిసిన ఇన్ను మనిషి ఎవరూ వెంట లేక దాన్ని పోగొట్టుకున్నాడు. మైనా బృందం నది వెంటే సాగింది. దారిలో కలిసిన నస్కాపీ ప్రజలను ఇంకెంత దూరమని అడిగితే ఐదు రాత్రుల ప్రయాణమన్నారు. ఆగస్టు చివరికి ఆమె ఉంగావా తీరం చేరింది, వాలెస్ అక్టోబరులో. ఆమె గీసిన పటం విమాన ఛాయాచిత్రాల కాలం దాకా ఉపయోగపడింది.

ఇందులో స్మారకం ఉంది: 1913లో వాలెస్ మళ్ళీ వెళ్ళి, తెచ్చిన కంచు ఫలకం నదిలో పోతే, హబ్బర్డ్ చివరి మకాం దగ్గర బండ మీద తానే అక్షరాలు చెక్కాడు. పటం దిద్దిన రుజువుంది, మొండి ప్రాయశ్చిత్తం ఉంది. దారి ఎవరిదన్న ప్రశ్నా ఉంది. ఒకే ఏడాది, ఒకే గమ్యం, ఒకే పటం ఉన్న రెండు బృందాలను విడదీసింది ఏమిటని అడిగితే, నదిలో నిర్ణయాలు ఎవరు తీసుకున్నారన్నదే నా సమాధానం. మైనా యాత్రలో ఆ పని ఎల్సన్‌ది, అతని తోటివాళ్ళది.

నదే మారిపోయాక

ఇవాళ ఆ దారిన వెళ్ళదలచినవారికి మిషికమౌ సరస్సు దొరకదు. 1970ల మొదట్లో చర్చిల్ ఫాల్స్ విద్యుత్ కేంద్రం కోసం 88 కట్టలు వేసి స్మాల్‌వుడ్ జలాశయం నింపారు. సరస్సు అందులో కలిసిపోయింది, నస్కాపీ ఎగువ నీళ్ళు పక్కకు మళ్ళాయి. మైనా 1905 ఆగస్టులో గుంపులుగా చూసిన జార్జ్ నది కారిబూ జింకలు 1990ల మొదట్లో ఏడు లక్షలకు పైగా ఉండేవి. 2018 లెక్కలో మిగిలినవి 5,500. పశ్చిమాన 1968లో పూర్తయిన బెనెట్ ఆనకట్ట పీస్ నది ఎగువ లోయను ముంచింది. మెకెంజీ 1793లో తెడ్డు వేసిన చోటే కాదు, త్సెకెనె ప్రజల ఆవాసాలూ నీటి పాలయ్యాయి. నాగార్జునకొండ కట్టడాల్లో కొన్నిటిని ముంపు రాకముందే కొండమీదికి చేర్చగలిగారు. నది వెంటి దారిని అలా చేర్చే ఉపాయం లేదు.

వాతావరణం మరో మలుపు తిప్పింది. 1789లో మెకెంజీ ఇప్పుడు తన పేరున్న, డెనె ప్రజలు డెచో అనే నది చివరిదాకా దిగి, మంచు అడ్డుపడి వెనుదిరిగాడు. 2016లో అదే దారిన వెళ్ళిన రచయిత బ్రయన్ కాస్ట్నర్‌కు అక్కడ మంచు అడ్డు లేదు. అంటే డైరీని అక్షరాలా పాటించినవాడికి డైరీ చెప్పని ఫలితం వస్తుంది. వేషం కట్టేవాళ్ళకు ఇది అపజయం. రుజువు వెతికేవాళ్ళకు ఇదే పంట.

పక్కపక్కన పెడితే

పడవ విషయంలో మొదటి పక్షం, పుస్తకం విషయంలో రెండోది, మనుషుల విషయంలో నాలుగోది ముందున్నాయి. మూడో పక్షానికి పాఠకులు ఎక్కువ, నేర్పేది తక్కువ. మోర్స్ లాంటివాళ్ళు రెండు పక్షాల్లో కాళ్ళు పెట్టారు, ఎల్సన్ లాంటివాళ్ళను ఏ పక్షమూ మొన్నమొన్నటిదాకా పట్టించుకోలేదు. యాత్ర అచ్చం పాతదిలాగే ఉందా అన్న కొలబద్దను పక్కనపెట్టి, పాత పుస్తకంతో ఎక్కడ పొసగలేదో చెప్పిందా లేదా అని చూస్తే ఈ పోలిక సులువవుతుంది. ఆ లెక్కన 1967 పందెం వేడుకగానే మిగులుతుంది, గ్రానైట్ నది అడుగున దొరికిన పాత్రలు చరిత్రకు పనికొస్తాయి.

తేలని సంగతులు

ఉపగ్రహ ఫోను, పిలిస్తే వచ్చే విమానం వెంట ఉన్నప్పుడు మోఫట్ బృందం ఎదుర్కొన్న అపాయంలో ఎంత భాగం మిగులుతుంది? అది మిగలాలని కోరుకోవడం సబబేనా? సహాయక బృందాల ప్రాణాలు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి దీనికి సాహసికుల దగ్గర ఉన్న జవాబు సరిపోదు.

నది అడుగున, మజిలీల్లో దొరికే వస్తువులను పైకి తేవాలా, ఉన్నచోటే వదలాలా అన్నది పురావస్తు శాఖలకూ స్థానిక తెగలకూ మధ్య ఇంకా నలుగుతోంది. 1960లో ఈతగాళ్ళు చేసిన పనిని ఈరోజు అదే పద్ధతిలో చేయనివ్వరు.

మునిగిన దారుల మాటేమిటి? జలాశయం మీద మోటారు పడవలో దాటితే అది పాత యాత్రలో భాగమా? కొందరు పునర్యాత్రికులు ఆ ముక్క వదిలేసి విమానంలో దాటుతారు, మరికొందరు పట్టుబట్టి అలల మీదే తెడ్డు వేస్తారు.

అన్నింటికంటే చిక్కుది పేర్ల సంగతి. ఇన్ను నేషన్ 2008లో లాబ్రడార్‌లోని వందలాది చోట్ల ఇన్ను పేర్లను, వాటి కథలతో సహా, అందరికీ అందుబాటులో పెట్టింది. ఇకమీద లాబ్రడార్ వెళ్ళే బృందం ఏ పటం వెంట తీసుకెళ్తుంది, యాత్రకు హబ్బర్డ్ పేరు పెడుతుందా ఎల్సన్ పేరు పెడుతుందా, బయల్దేరే ముందు షెషాట్షియులోని ఇన్ను పెద్దలను అడుగుతుందా లేదా అన్నది ప్రస్తుతానికి ఆయా బృందాల ఇష్టానికే వదిలేసి ఉంది. అలా వదిలేయడం సరికాదనే వాళ్ళ సంఖ్య పెరుగుతోంది.